50 మీటర్ల రైఫిల్‌కు ఖరీదైన .22 తూటా నిజంగా అవసరమా? మా అమ్మాయి కోసం అడుగుతున్నాను

మణికొండ నాన్న | శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 17 ఏళ్ళు. రెండేళ్ళు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేసింది. నాలుగు నెలల క్రితం కోచ్ సలహాతో 50 మీటర్ల త్రీ పొజిషన్‌కు (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీకి) వచ్చింది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సిఫ్ట్ కౌర్ సమ్రా 469.6 పాయింట్లతో ప్రపంచ రికార్డు సాధించిన రోజు నుంచి ఆమె మనసంతా ఈ ఈవెంటు మీదే ఉంది. వాడుతున్నది క్లబ్బు రైఫిల్, తూటాలు కూడా క్లబ్బు ఇచ్చిన .22వే (గుండు వ్యాసం సుమారు 0.22 అంగుళాలు).

ఇబ్బంది ఏమిటంటే స్కోరు నిలకడగా ఉండడం లేదు. పడుకుని కాల్చేటప్పుడు పది తూటాల సిరీస్‌లో ఒకసారి నూటికి 97 వస్తుంది, వెంటనే తర్వాతి సిరీస్‌లో 91. నిలబడి కాల్చేటప్పుడు 85 దగ్గర తిరుగుతోంది. రేంజిలో ఒక పెద్దాయన "తూటా మార్చండి, ఒలింపిక్స్‌లో వాడేది కొనండి, నాలుగు పాయింట్లు అప్పటికప్పుడు పెరుగుతాయి" అన్నారు. ఆ తూటాల పెట్టె ధర ఇప్పుడు వాడుతున్న దానికి ఎన్నో రెట్లు. నెలకు వెయ్యి తూటాలు కాలిస్తే నా జీతంలో అది చాలా పెద్ద భాగం. అమ్మాయికి అవసరమైతే ఎలాగో సర్దుకుంటాను. కానీ అవసరమో కాదో తెలుసుకోకుండా కొనలేను. ఈ తూటా ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్నది తెలిసినవారు వివరంగా చెప్పండి.


రేంజి మాస్టారు | శుక్రవారం, రాత్రి 11:02

ముందు కొనకండి. నాలుగు సంగతులు చెప్పండి. పెట్టె మీద లాటు నంబరు (ఒకే విడతలో తయారైన తూటాలకు వేసే నంబరు) ఏమిటి? అన్ని పెట్టెలూ ఒకే లాటువేనా? ఆ 91 వచ్చిన సిరీస్‌లో తూటాలు పైకీ కిందికీ చెదిరాయా, ఎడమకూ కుడికీ చెదిరాయా? ఆ సమయంలో రేంజిలో గాలి చూపే జెండాలు ఎటు ఊగుతున్నాయో ఎవరైనా రాసుకున్నారా?

ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు నేర్పుతున్నాను. తూటా మారిస్తే బాగుపడిన పిల్లలను చూశాను, తూటా మార్చి మార్చి చివరికి తన చేతి మీదే నమ్మకం పోగొట్టుకున్న పిల్లలను కూడా చూశాను. రెండో రకమే ఎక్కువ.


మణికొండ నాన్న | శుక్రవారం, రాత్రి 11:30

మాస్టారూ, లాటు నంబరు చూడాలని నాకు ఇప్పటివరకు తెలియదు. ఇంట్లో ఉన్న ఆరు పెట్టెలు ఇప్పుడే చూశాను. అందులో మూడు వేర్వేరు నంబర్లు ఉన్నాయి. జెండాల సంగతి రాసుకోలేదు.


పాత కేడెట్ | శనివారం, ఉదయం 6:30

ఈ చర్చ చూడగానే నా ఎన్‌సీసీ రోజులు గుర్తుకు వచ్చాయి. అనంతపురం దగ్గర క్యాంపులో తెల్లవారుజామున మట్టి కట్ట ముందు బోర్లా పడుకోబెట్టారు. చేతిలో .22 రైఫిల్, 25 గజాల దూరంలో కాగితపు లక్ష్యం, ఐదు తూటాలు. నా ఐదు రంధ్రాలూ ఒక అగ్గిపెట్టె కింద దాగాయని హవల్దారు గారు భుజం తట్టారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నా సందేహం ఒకటి. అప్పట్లో మేము నోట్సులో ఆ రైఫిల్ తూటా వేగం సెకనుకు 2700 అడుగులు అని రాసుకుని బట్టీ పట్టాం. అంత వేగం ఉన్న తూటాకు 50 మీటర్లు ఒక లెక్కా? పోనీ, మార్కెట్లో హై వెలాసిటీ అని వేగం ఎక్కువున్న .22 తూటాలు దొరుకుతాయి కదా. వేగం పెరిగితే గాలికి కొట్టుకుపోయే సమయం తగ్గుతుంది. అమ్మాయికి అవే ఇస్తే సరిపోదా?


లెక్కల పంతులు, రాజమండ్రి | శనివారం, ఉదయం 9:10

పాత కేడెట్ గారూ, ఆ 2700 అంకె చాలామంది నోట్సుల్లో ఉంది, కానీ అది తప్పు. సెకనుకు 2700 అడుగులంటే దాదాపు 823 మీటర్లు. అది సైనిక రైఫిల్ వేగం. పోటీల్లో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా (మనం .22 అంటున్నది ఇదే) అందులో సగం వేగంతో కూడా పోదు.

ఎందుకు పోదో దాని నిర్మాణంలోనే ఉంది. ఇది 1887లో అమెరికాలో పుట్టిన తూటా. దీనికి ప్రైమర్ (నలిగితే నిప్పు పుట్టించే రసాయనం) అడుగున మధ్యలో ఉండదు. పల్చటి ఇత్తడి తొడుగు అడుగున అంచు మడత లోపల చుట్టూ పూసి ఉంటుంది. పిన్ను ఆ అంచును నలిపితే నిప్పు పుడుతుంది. అంచు నలగాలంటే పల్చగా ఉండాలి. పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేదు. సైనిక రైఫిల్ తూటా తట్టుకునే ఒత్తిడిలో సగం కన్నా తక్కువే దీని హద్దు. అందుకే లోపల మందు కూడా గ్రాములో పదో వంతుకు లోపే. 2.6 గ్రాముల సీసపు గుండును అది సెకనుకు 320 నుంచి 330 మీటర్ల వేగంతో తోస్తుంది. పోటీ తూటాలు దాదాపు ఈ వేగంలోనే ఉంటాయి.

మామూలు హై వెలాసిటీ రకం సెకనుకు సుమారు 380 మీటర్ల వేగంతో వెళ్తుంది. వేగం పెరిగితే గాలి ప్రభావం తగ్గుతుందనిపిస్తుంది. ఇక్కడ తగ్గదు, పెరుగుతుంది. పక్కగాలి గుండును ఎంత జరుపుతుందన్నది అది మొత్తం ఎంతసేపు ప్రయాణించింది అన్నదాని మీద ఆధారపడదు. గాలి నిరోధం లేకపోతే పట్టే సమయం కన్నా ఎంత ఆలస్యమైంది అన్నదే లెక్క. ధ్వని వేగం దాటిన గుండుకు నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది, కనుక ఆలస్యమూ పెరుగుతుంది.

కాగితం మీద వేసి చూశాను. 50 మీటర్లలో సెకనుకు 330 మీటర్ల గుండుకు ఆలస్యం సుమారు 0.006 సెకన్లు. సెకనుకు ఒక మీటరు పక్కగాలి వీస్తే గుండు 6 మిల్లీమీటర్లు జరుగుతుంది. 380 మీటర్ల గుండుకు అదే గాలిలో 8 నుంచి 9 మిల్లీమీటర్లు. 50 మీటర్ల లక్ష్యంలో ఒక వలయానికీ తర్వాతి వలయానికీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లే. అంటే వేగం పెంచి మనం ఒక వలయంలో దాదాపు మూడో వంతు పోగొట్టుకుంటాం.

పోటీ తూటాను ధ్వని కన్నా నెమ్మదిగా ఉండేలా తయారు చేయడం వెనుక ఉన్న కారణం ఇదే. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం 343 మీటర్లు, మన 40 డిగ్రీల ఎండలో 355. మన ఊళ్ళలో ఈ తూటా ఎప్పుడూ హాయిగా హద్దు లోపలే ఉంటుంది.


ఒహాయో తెలుగు | శనివారం, రాత్రి 8:45

పంతులు గారు చెప్పినది మా దగ్గర తలకిందులవుతుంది. జనవరిలో సున్నాకు పది డిగ్రీల కింద ధ్వని వేగం 325 మీటర్లకు పడిపోతుంది. అప్పుడు 330తో బయలుదేరే తూటా మొదటి కొన్ని మీటర్లు ధ్వనిని దాటే ఉంటుంది. వేసవిలో 'టప్' మనే తూటా చలిలో కొరడా విదిల్చినట్టు మోగుతుంది. బయాథ్లాన్ (మంచు మీద స్కీయింగ్, షూటింగ్ కలిసిన ఆట) వాళ్ళకు చలి కోసం ప్రత్యేకంగా .22 తూటాలు చేసేది ఊరికే కాదు. ఆ ఆట 1978లో పెద్ద తూటాలు వదిలి .22కు, 50 మీటర్లకు మారింది.

నేను విజయనగరం అమ్మాయిని, ఇక్కడకు వచ్చి పదిహేనేళ్ళయింది. మా ఊరి క్లబ్బులో వారం వారం .22 కాలుస్తాను. ఇక్కడ దీన్ని మూడు నాలుగు పనులకు వాడతారు. పిల్లలకు నేర్పడానికి ఇంతకన్నా మంచి తూటా లేదు. తన్ను ఉండదు, శబ్దం తక్కువ, భయం పుట్టదు. ఉడుతల వేటకు వాడతారు. జింకల వేటకు మాత్రం మా రాష్ట్రంలో ఇది నిషేధం. రైఫిల్‌తో జింకను వేటాడాలంటే .357 నుంచి .50 మధ్య వ్యాసం ఉన్న నేరు గోడల తూటా (తొడుగు మెడ దగ్గర సన్నబడనిది) కావాలి. .22 గుండు జింకను చంపకుండా గాయపరిచి వదిలేస్తుంది, అది అడవిలో రోజుల తరబడి బాధపడి చస్తుంది. ఆ నిబంధన న్యాయమైనది.

ఇంకొకటి, దూరపు పోటీలు. 200 గజాల్లో, కొన్నిచోట్ల 300 గజాల్లో ఇనుప పలకలు వేలాడదీసి .22తో కొడతారు. నేను రెండేళ్ళు ఆడాను. ఈ తూటా హద్దు ఏమిటో నాకు అక్కడే తెలిసింది. 200 గజాలకు గుండు గొట్టం రేఖ నుంచి రెండు మీటర్లు కిందికి పడిపోతుంది. ఒకే పెట్టెలోని రెండు తూటాల వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉందనుకోండి. 50 మీటర్లలో అది 7 మిల్లీమీటర్ల తేడా. 200 గజాల్లో 12 సెంటీమీటర్లు. నా చేయి ఎంత బాగున్నా ఒకటి పలక పైనుంచి, మరొకటి కింద నుంచి పోయేవి. నేను నన్నే నిందించుకునేదాన్ని. వేగం కొలిచే పరికరం పెట్టి చూశాక గానీ తప్పు నాది కాదని తెలియలేదు.

నాన్న గారికి నా సలహా: అమ్మాయిని నిందించుకోనివ్వకండి, తూటానూ నిందించకండి. కొలవండి.


రేంజి మాస్టారు | శనివారం, రాత్రి 9:50

ఒహాయో చెల్లెమ్మ మాట అక్షరాలా నిజం. ఇక ఎలా కొలవాలో చెబుతాను.

.22 తూటాను ఇంట్లో మళ్ళీ నింపుకోవడం కుదరదు. పెద్ద రైఫిళ్ళ వాళ్ళు తమ బ్యారెల్‌కు (గొట్టానికి) తగినట్టు మందు తూచి నింపుకుంటారు. మనకు ఆ వీలు లేదు. కర్మాగారం చేసినదే తీసుకోవాలి. కనుక మన చేతిలో ఉన్నది ఎంపిక ఒక్కటే. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర తూటాలు లాటు మారితే ప్రవర్తన మారుతుంది. ఆ రోజు సీసం ఎలా ఉంది, అంచులో ప్రైమర్ పూత ఎంత సమంగా పడింది, గుండు మీద పూసే మైనం ఎలా పట్టింది, ఇవన్నీ లాటులో కలిసిపోతాయి. ఒక బ్యారెల్‌కు నచ్చిన లాటు పక్క బ్యారెల్‌కు నచ్చదు. కారణం వెతికినా దొరకదు, కాల్చి చూడవలసిందే. జర్మనీలోని షోనెబెక్‌లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారీదారులు ఇందుకోసమే పరీక్షా రేంజిలు నడుపుతున్నారు. షూటరు రైఫిల్ తీసుకుని వెళ్తే దాన్ని బిగింపులో పెట్టి లాటు తర్వాత లాటు కాల్చి చూపిస్తారు.

మీరు బర్మింగ్‌హామ్ వెళ్ళక్కరలేదు. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన రేంజి మీకు దగ్గరే. గాలి లేని పొద్దున ఆరింటికి వెళ్ళండి. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద గట్టిగా ఆనించి లాటుకు నలభై తూటాలు కాల్చాలి. మొదటి ఇరవై లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ లోపల పాత మైనం పోయి కొత్త మైనం పట్టేవరకు తూటా నిలకడగా ఉండదు. మిగిలిన ఇరవైని పది పది చొప్పున రెండు గుంపులుగా కాల్చి బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవండి.

ఒక కొలమానం చెబుతాను. పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. గుండు వ్యాసం 5.6గా లెక్కిస్తారు. గుండు అంచు వలయాన్ని తాకితే చాలు పది. అంటే గుంపు బయటి కొలత 21.6 మిల్లీమీటర్ల లోపు ఉంటే, గుంపు మధ్యలో పడినప్పుడు అన్నీ పదులే. ఆ లోపు ఉన్న లాటు మీ అమ్మాయికి ఇప్పటికి చాలు. 15 దగ్గర వస్తే అదృష్టం. 25 దాటితే ఆ లాటు పోటీకి పనికిరాదు.


రాష్ట్ర షూటర్ | ఆదివారం, ఉదయం 7:20

మాస్టారు గారి మీద గౌరవంతోనే ఒక మాట. 21.6 సరిపోతుందంటే నేను ఒప్పుకోలేను. అది చేయి అస్సలు కదలనప్పటి లెక్క. మనిషి కదలిక దానికి కలుస్తుంది. నేను పడుకుని కాల్చేటప్పుడు ఒక సీజను అంతా మధ్యరకం తూటాతో 98 దగ్గర ఆగిపోయాను. పరీక్షించిన లాటుకు మారిన నెలలో 100 చూశాను. తూటా తేడా నిజం. దాన్ని తక్కువ చేసి చెబితే పిల్లలు నష్టపోతారు.

ఇంకో విషయం. నేను తూటాల అంచు మందాన్ని కొలిచి వేరు చేసుకుంటాను. దానివల్ల కూడా లాభం ఉంది.


లెక్కల పంతులు, రాజమండ్రి | ఆదివారం, ఉదయం 10:05

మీ ఇద్దరి మాటా నిజమేనని లెక్క చెబుతోంది. తూటా చెదురు, చేతి చెదురు నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడి, ఆ మొత్తానికి వర్గమూలం వస్తుంది. సుమారు లెక్కే అయినా దారి చూపుతుంది.

అమ్మాయి నిలబడి కాల్చేటప్పుడు చేతి చెదురు 60 మిల్లీమీటర్లు అనుకుందాం. తూటా చెదురు 24 అయితే మొత్తం 64.6. ఖరీదైన తూటాతో చెదురు 16కు తగ్గితే మొత్తం 62.1. రెండున్నర మిల్లీమీటర్ల లాభం. స్కోరులో కనబడనే కనబడదు.

పడుకుని కాల్చేటప్పుడు చేతి చెదురు 20 అనుకుందాం. అదే 24 తూటాతో మొత్తం 31.2, 16 తూటాతో 25.6. ఇది పాయింట్లలో కనబడుతుంది.

రాష్ట్ర షూటర్ గారి చేయి ఇంకా నిలకడైనది, కనుక ఆయనకు తూటా తేడా ఇంకా పెద్దదిగా తెలిసింది. చేయి కుదిరేకొద్దీ తూటా విలువ పెరుగుతుంది.


రాష్ట్ర షూటర్ | ఆదివారం, ఉదయం 10:40

ఈ లెక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే నిలబడి చేసే సాధనలో అంత ఖరీదైన తూటాలు వాడి ఉండేవాడిని కాదు. ధన్యవాదాలు పంతులు గారూ. అంచు కొలతల విషయంలో మాస్టారి అభిప్రాయం చెప్పాలి.


రేంజి మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

చవక తూటాల్లో అంచు మందం తేడా ఎక్కువ, వాటిని వేరు చేస్తే కొంత మేలు ఉంది. పోటీ తూటాల్లో ఆ పని కర్మాగారమే చేసి పంపుతుంది. మీరు కొలతలకు పెట్టే రెండు గంటలు జెండాలు చూడటానికి పెట్టండి. 50 మీటర్ల రేంజిలో 10 మీటర్ల దగ్గర ఒకటి, 30 మీటర్ల దగ్గర ఒకటి జెండాలు ఉంటాయి. రెండూ ఒకే వైపు ఊగని రోజులు మన హైదరాబాదులో చాలా ఎక్కువ. సెకనుకు ఒకటిన్నర మీటరు గాలి మార్పును చూడకుండా నొక్కితే, ప్రపంచంలోని ఏ తూటా అయినా తొమ్మిదిలోనే పడుతుంది.

గాలికి లొంగే గుణం ఈ తూటాలో పుట్టుకతో ఉంది. డబ్బుతో దాన్ని పోగొట్టలేం.


మొక్కజొన్న రైతు, సిద్దిపేట | ఆదివారం, రాత్రి 8:00

నేను షూటర్‌ను కాను. మా చేనులో అడవి పందులు పడి మొక్కజొన్న అంతా నాశనం చేస్తున్నాయి. ఒక్క రాత్రిలో అర ఎకరం పడగొట్టాయి. మా బంధువుల అబ్బాయి దగ్గర పోటీల కోసం తీసుకున్న .22 రైఫిల్ ఉంది. శబ్దం తక్కువ కదా, దానితో కొట్టవచ్చా? కోపంతో కాదు, గత్యంతరం లేక అడుగుతున్నాను.


రేంజి మాస్టారు | ఆదివారం, రాత్రి 8:25

అన్నా, మీ నష్టం నాకు అర్థమవుతుంది. మాది కూడా వ్యవసాయ కుటుంబమే. కానీ వద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఈ గుండు బయలుదేరినప్పుడు దాని శక్తి 140 జౌల్స్. నూరు మీటర్లకు సుమారు 100 జౌల్స్. సైనిక రైఫిల్ గుండు శక్తి వేలల్లో ఉంటుంది. అడవి పంది భుజం మీద తోలు, కింద కొవ్వు, ఎముక దాటి లోపలికి వెళ్ళే బలం దీనికి లేదు. గాయపడిన పంది చేనులోనే దాక్కుంటుంది. తెల్లవారి కలుపు తీయడానికి వచ్చే కూలీల మీద పడుతుంది. చీకట్లో గురి తప్పిన గుండు నేల మీద ఆగదు. చిన్న తూటా అని తేలికగా తీసుకోకండి, సరైన కోణంలో పోతే కిలోమీటరు పైన ప్రయాణిస్తుంది. పక్క తండా దాకా పోగలదు.

ఇక చట్టం. అడవి పంది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలో ఉంది. చట్టప్రకారం అధికారిక అనుమతి లేకుండా ఎవరు చంపినా నేరం. పోటీల కోసం ఇచ్చిన లైసెన్సు వేటకు చెల్లదు. ఆ అబ్బాయి లైసెన్సు, రైఫిల్ రెండూ పోతాయి, కేసు కూడా అవుతుంది. పంట నష్టం ఫొటోలు తీసి అటవీ శాఖ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, సర్పంచి గారితో కలిసి వెళ్ళండి. కంచె విషయంలో మీ మండలం వ్యవసాయ అధికారిని కలవండి.


మొక్కజొన్న రైతు, సిద్దిపేట | ఆదివారం, రాత్రి 9:10

కూలీల మాట విన్నాక ఆ ఆలోచన విరమించుకున్నాను. రేపే సర్పంచి గారిని కలుస్తాను. నమస్కారం.


పిల్లల డాక్టరు, విశాఖ | సోమవారం, ఉదయం 7:45

ఇంతమంది మాట్లాడారు, సీసం గురించి ఎవరూ చెప్పలేదు. నాకు అదే ముఖ్యం. ఈ గుండు దాదాపు అంతా సీసమే, పైన రాగి తొడుగు లేదు. ప్రైమర్‌లో కూడా సీసపు సమ్మేళనం ఉంటుంది. ప్రతి తూటాకూ సన్నని ధూళి గాలిలో కలుస్తుంది. నెలకు వెయ్యి తూటాలంటే పట్టించుకోవలసిన సంగతి. ఎదిగే పిల్లల రక్తంలో సీసం చేరితే నరాలకు హాని.

రేంజిలో ఏమీ తినకూడదు, తాగకూడదు. బయటకు రాగానే చల్లటి నీళ్ళతో, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. షూటింగ్ జాకెట్ ఇంట్లో మంచం మీద వేయవద్దు, ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. మూసి ఉన్న రేంజిలో నేల పొడిగా ఊడవకూడదు, తడి గుడ్డతో తుడవాలి. ఏడాదికి ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.


మణికొండ నాన్న | సోమవారం, రాత్రి 9:30

డాక్టరు గారూ, అమ్మాయి సాధన మధ్యలో బిస్కట్లు తినేది. ఈ రోజు నుంచే మాన్పించాను. రక్త పరీక్షకు కూడా తీసుకువెళ్తున్నాను. మీకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

మాస్టారికి ఇంకో ప్రశ్న. ఈ ఎండాకాలం తూటాల పెట్టెలు రెండు వారాలు కారు డిక్కీలో ఉండిపోయాయి. అవి పాడైనట్టేనా? అలాగే అప్పుడప్పుడూ తూటా పేలడం లేదు, అప్పుడేమి చేయాలి?


రేంజి మాస్టారు | సోమవారం, రాత్రి 10:10

ఆ పెట్టెలు పోటీకి వద్దు. ఈ గుండు మీద మైనం, కొవ్వు లాంటి పూత బయటే ఉంటుంది. వేడికి అది కరిగి ఒక పక్కకు చేరుతుంది. కొన్ని గుండ్ల మీద ఎక్కువ, కొన్నింటి మీద ఏమీ లేకుండా పోతుంది. తూటాలను ఇంట్లో చల్లగా, పొడిగా, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. వానాకాలం తేమ కూడా మంచిది కాదు.

పేలని తూటా సంగతి జాగ్రత్తగా వినండి. అంచులో పిన్ను తగిలిన చోట ప్రైమర్ పూత లేకపోతే పేలదు. కొన్నిసార్లు ఆలస్యంగా పేలుతుంది. అందుకని గొట్టం లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం కదలకుండా ఆగాలి, చేయి పైకెత్తి రేంజి అధికారిని పిలవాలి. ఆ తర్వాతే బోల్టు తెరవాలి. పేలినప్పుడు శబ్దం చాలా నీరసంగా వచ్చి, కాగితం మీద రంధ్రం కనబడకపోతే ఇంకో తూటా ఎక్కించనే కూడదు. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. ఇది మీ అమ్మాయికి ఈ రాత్రే చెప్పండి.


మణికొండ నాన్న | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:20

అందరికీ మళ్ళీ నమస్కారం. మీరు చెప్పినట్టే చేశాం. మూడు ఆదివారాలు పొద్దున్నే రేంజికి వెళ్ళాం. ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి నాలుగు లాటులు కాల్చాం. లాటుకు రెండు గుంపుల సగటు, బయటి కొలత రాస్తున్నాను.

క్లబ్బు తూటాల మొదటి లాటు: 26 మిల్లీమీటర్లు.
క్లబ్బు తూటాల రెండో లాటు: 18.
మధ్యరకం ధరలో ఒక పోటీ తూటా, తెలిసినవారు ఇచ్చిన రెండు పెట్టెలు: 16.
పెద్దాయన చెప్పిన అతి ఖరీదైన తూటా, ఒక షూటరు దయతో ఇచ్చినవి: 19.

ఖరీదైన తూటా ఈ బ్యారెల్‌కు అంతగా నప్పలేదు. ఇంకో లాటు అయితే నప్పుతుందేమో. క్లబ్బు తూటాలు రెండూ ఒకే పేరువి, లాటు ఒక్కటే తేడా. 97 వచ్చిన పెట్టెలు, 91 వచ్చిన పెట్టెలు వేర్వేరు నంబర్లవని అమ్మాయే తన పుస్తకంలో పాత తేదీలు చూసి పట్టుకుంది. అయితే అన్ని చెడు సిరీస్‌లూ లాటు వల్ల కాదు. ఇప్పుడు ప్రతి తూటాకూ జెండా ఎటు ఉందో గుర్తు వేస్తోంది. తొమ్మిదుల్లో సగానికి పైగా కుడి వైపు పడినవే. ఎడమ నుంచి గాలి లేచినప్పుడు ఆగకుండా నొక్కుతోందని తెలిసింది.

నిలబడి, మోకాలి మీద సాధనకు క్లబ్బు రెండో లాటు వాడుతోంది. పడుకుని కాల్చే సాధనకు, పోటీలకు మధ్యరకం తూటా. ఆ లాటులోవి రెండు వేలు దొరికాయి, తీసి పక్కన పెట్టాను. రక్త పరీక్షలో సీసం మామూలుగానే ఉంది.

నిన్న పడుకుని కాల్చినప్పుడు వరుసగా 97, 96.


పాత కేడెట్ | అదే రోజు, రాత్రి 7:05

97 తర్వాత 96! అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 451.4తో ఇదే ఈవెంటులో కాంస్యం తెచ్చిన రోజున మా ఇంట్లో పండగ చేసుకున్నాం. మన గగన్ నారంగ్ లండన్‌లో ఎయిర్ రైఫిల్‌లో పతకం తెచ్చాక 50 మీటర్ల పోటీల్లోనూ నిలబడ్డారని ఆమెకు గుర్తు చేయండి. నా నోట్సులో 2700 కొట్టివేసి 1080 అడుగులు అని రాసుకున్నాను.


రేంజి మాస్టారు | అదే రోజు, రాత్రి 9:00

మంచి పని చేశారు. మోకాలి మీద స్కోరు 93 దాటాక ఆ పొజిషన్‌కు కూడా మంచి లాటు ఇవ్వండి, అంతవరకు వద్దు. ఆ రెండు వేలు అయిపోయే ముందే, ఐదు వందలు మిగిలి ఉండగానే కొత్త లాటుల పరీక్ష మొదలుపెట్టాలి. పాతది పక్కన ఉంటేనే కొత్తదాన్ని పోల్చగలం. బ్యారెల్ వెనుక భాగంలో, తూటా కూర్చునే చోటికి కాస్త ముందు మసి గట్టిపడుతుంది, ఎన్ని తూటాలకు శుభ్రం చేస్తున్నారో కూడా ఆ పుస్తకంలో రాయమనండి.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి నేను గచ్చిబౌలి రేంజిలో ఉంటాను. అమ్మాయిని తీసుకురండి, ఎడమ గాలిలో ఎప్పుడు ఆగాలో కూర్చుని చూపిస్తాను. పుస్తకం మరచిపోవద్దని చెప్పండి.